రాసిపెట్టండి... మీ ఇంటికి సరిపడేది!

వీలునామా, గిఫ్ట్ దస్తావేజు, పంపకాలు, ట్రస్టు, నామినీ... ఆస్తి తర్వాతి తరానికి చేరడానికి దారులు చాలానే ఉన్నాయి. వాటిలో మీకు కావాల్సింది ఏది? ఆస్తి విలువను బట్టి తేలే విషయం కాదిది. అది మీ చేతికి ఎలా వచ్చింది, మీ మీద ఆధారపడి ఎవరున్నారు అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే ముప్పాతిక పని అయినట్టే.

ఒకామెకు 1955లో పెళ్లయింది. మూడు నెలలకే భర్త చనిపోయాడు. అత్తింటివాళ్లు వెళ్లగొడితే పుట్టింటికి వచ్చేసింది. అమ్మానాన్నలే చదివించారు. ఉద్యోగం వచ్చింది. సంపాదించింది, పొదుపు చేసింది. 1996లో కన్నుమూసింది. బ్యాంకులో డబ్బు, ప్రావిడెంట్ ఫండు... అంతా ఆమె కష్టార్జితమే. వీలునామా మాత్రం రాయలేదు. ఆస్తి తమదంటే తమదని ఒకవైపు కన్నతల్లి, మరోవైపు భర్త తోబుట్టువు కొడుకులు కోర్టుకెక్కారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో తీర్పు వచ్చింది. ఆస్తంతా భర్త తరఫువాళ్లకే దక్కింది.

ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని చూసుకున్న పుట్టింటికి ఏమీ మిగల్లేదు. సానుభూతి ఉన్నంత మాత్రాన చట్టాన్ని పక్కనపెట్టలేమంది న్యాయస్థానం. పిల్లలు, భర్త లేని హిందూ మహిళ వీలునామా రాయకుండా పోతే ఆమె స్వార్జితం ముందుగా భర్త వారసులకు వెళ్తుంది. ఆ తర్వాతే తల్లిదండ్రుల వంతు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ చెప్పేది ఇదే. 2025 నవంబరులో ఈ సెక్షన్ మళ్లీ చర్చకు వచ్చినప్పుడు, మహిళలంతా వీలునామా రాసుకోవాలని సుప్రీంకోర్టు స్వయంగా విజ్ఞప్తి చేసింది.

ఆమె చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఒక తెల్లకాగితం, నాలుగు వాక్యాలు, ఆమె సంతకం, ఇద్దరు సాక్షులు. స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు. ఆ ఒక్క కాగితం ఉంటే తల్లి కోర్టు మెట్లెక్కాల్సిన పనే ఉండేది కాదు.

‘ఇదంతా కోట్లున్నవాళ్ల గొడవ, మనకున్నదెంత?’ అనుకుంటాం. నిజానికి కోట్లున్నవాళ్లకు లాయర్లుంటారు. ఉన్న ఒక్క ఇల్లు, రెండెకరాల పొలం, ఓ బీమా పాలసీ మీద కుటుంబమంతా ఆధారపడ్డచోటే కాగితం లేకపోతే కష్టం ఎక్కువ.

మీ చేతికి ఎలా వచ్చింది?

ముందుగా ఓ నోటుపుస్తకం తీసుకోండి. ఇల్లు, పొలం, ప్లాటు, డిపాజిట్లు, బంగారం, షేర్లు... ఒక్కోదానికీ ఒక్కో వరస. పక్కన ‘ఎలా వచ్చింది’ అని రాయండి. గుర్తులేకపోతే బీరువాలోని లింకు డాక్యుమెంట్లు తీసి చూడండి. మీకన్నా ముందు అది ఎవరి పేరున ఉంది, ఏ దస్తావేజుతో మీకు దఖలుపడింది అన్నది అక్కడే ఉంటుంది. ఈ ఒక్క వివరాన్ని బట్టే దాన్ని మీరు ఎవరికి రాయగలరో, ఎంతవరకు రాయగలరో తేలుతుంది.

మీ జీతంతోనో, వ్యాపారంతోనో కొన్నది స్వార్జితం. మీ ఇష్టం వచ్చినవారికి ఇవ్వచ్చు. కన్నబిడ్డకే ఇవ్వాలన్న నిర్బంధం హిందువులకు, క్రైస్తవులకు లేదు.

తాతముత్తాతల నుంచి వస్తున్న ఉమ్మడి ఆస్తి పిత్రార్జితం. ఇందులో మీ వాటాకే మీరు యజమాని. ‘ఇంటిపెద్దను నేనే’ అంటూ మొత్తం రాసినా మీ వాటా మేరకే చెల్లుతుంది. అన్నదమ్ములతో సమానంగా ఆడపిల్లలకూ ఇందులో పుట్టుకతో హక్కుంది. ఈ విషయంలో దేశానికి దారి చూపినవాటిలో తెలుగు నేల ఒకటి. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. కేంద్రం 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినవారితో సహా కూతుళ్లందరికీ ఆ హక్కిచ్చింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి మాత్రం ఈ హక్కు వెళ్లదు.

చాలామంది పొరబడేది మరొకటుంది. నాన్న సొంతంగా సంపాదించిన ఇల్లు ఆయన పోయాక వారసుడిగా మీకు వస్తే, అది మీ సొంత ఆస్తే. ‘తాత ఆస్తి కాబట్టి మనవడికీ పుట్టుకతో వాటా ఉంది’ అన్న మాట ఇక్కడ చెల్లదు.

పెళ్లిలో పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలానికి ఆ ఆడపిల్లే పూర్తి సొంతదారు. ఆ పంట డబ్బు ఎవరి చేతికి వెళ్తున్నా దాన్ని ఎవరికివ్వాలో నిర్ణయించేది ఆమే. ఆమె ఏదీ రాయకపోతే, పిల్లలు కూడా లేకపోతే, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి తండ్రి వారసులకు, భర్త నుంచో మామగారి నుంచో వారసత్వంగా వచ్చింది భర్త వారసులకు వెళ్తుంది.

ఏమీ రాయకపోతే...

వీలునామా లేకపోతే ఆస్తి గాల్లో కలిసిపోదు. చట్టం పంచుతుంది. ఆ పంపకం మీకు సమ్మతమేనా? మీ అవసరాన్ని తేల్చే ప్రశ్న ఇదే.

హిందూ పురుషుడు చనిపోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి... తలా ఒక సమాన వాటా. తండ్రికి మొదటి వరుసలో చోటు లేదు. పెళ్లికాని కొడుకు ఆస్తంతా తల్లికే వెళ్తుంది.

దీన్ని ఓ ఇంట్లో పెట్టి చూద్దాం. హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. ఊళ్లో తల్లి. ఫ్లాటు ఆయన పేరునే ఉంది. హఠాత్తుగా ఆయన పోతే ఫ్లాటు నాలుగు వాటాలవుతుంది. భార్యది పావు భాగమే. పిల్లల సగం అమ్మాలంటే ఆమె కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. మైనర్ల స్థిరాస్తి విషయంలో నిబంధన అలాంటిది. గృహరుణం కట్టలేక ఫ్లాటు అమ్మేద్దామనుకున్న సమయంలో ఆ అనుమతి కోసం నెలలు ఎదురుచూడాలి. కొన్నాళ్లకు అత్తగారూ పోతే, ఆవిడ వాటాలో ఆడపడుచులు, మరుదులు కూడా వాటాదారులవుతారు. ఇందులో ఎవరి దురాశా లేదు. ఆయన రెండు పేజీల వీలునామా రాసి ఉంటే వచ్చేది కాదు ఈ చిక్కు.

క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, మిగతాది కొడుకులకు, కూతుళ్లకు సమానంగా. ముస్లిం కుటుంబాల్లో షరియత్ ప్రకారం వాటాలు ముందే నిర్ణయమై ఉంటాయి. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి కొడుకు వాటాలో సగం. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతు వరకే వీలునామా రాయచ్చు. సున్నీ సంప్రదాయంలో వారసుల్లో ఒకరికి వీలునామా రాస్తే అది చెల్లడానికి మిగతా వారసుల సమ్మతి కావాలి. అంతకుమించి ఇవ్వాలనుకునేవారికి బతికుండగానే చేసే దానం, అంటే ‘హిబా’ దారి ఉంది. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు. కాబట్టి ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలు తమ ఆచారాన్ని, స్థానిక భూబదిలీ నిబంధనల్ని తెలిసినవారిని అడిగే ముందుకెళ్లాలి.

అందరికీ ముందుగా వీలునామా

పద్దెనిమిదేళ్లు నిండి, మతి స్థిమితం ఉన్న ఎవరైనా వీలునామా రాయచ్చు. రాసినంత మాత్రాన మీ చేతిలోంచి ఏదీ పోదు. ఇల్లు అమ్ముకోవచ్చు, పొలం కౌలుకివ్వచ్చు, మనసు మారితే వీలునామాను చించేసి కొత్తది రాయచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది. పిత్రార్జితం ఉన్నవారికి, లేనివారికి, ఒంటరివారికి, పెద్ద కుటుంబాలకు... అందరికీ పనికొచ్చే మొదటి పత్రం ఇదే కావడానికి కారణం ఈ వెసులుబాటే.

భాష ఏదైనా ఫర్వాలేదు. మీరు మాట్లాడే తెలుగే మంచిది. చేత్తో రాసినా, టైపు చేయించినా ఒకటే. ముఖ్యమైంది సంతకాల ఘట్టం. మీరు సంతకం చేయడాన్ని సాక్షులిద్దరూ కళ్లారా చూడాలి. ఆ తర్వాత మీ ఎదుట వాళ్లు సంతకం చేయాలి. ‘కాగితం పంపిస్తా, తీరిగ్గా సంతకం పెట్టి ఇవ్వు’ అంటే కుదరదు. రేపు వీలునామాపై వివాదం వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి ‘నా ఎదుటే సంతకం చేశారు’ అని చెప్పాలి. అందుకే మీ ఈడువాళ్లకన్నా చిన్నవాళ్లను, ఊళ్లో అందుబాటులో ఉండేవాళ్లను సాక్షులుగా పెట్టుకోండి. ఆస్తి పొందేవారు, వారి భార్యలు లేదా భర్తలు సాక్షులు కాకుండా చూసుకోండి. క్రైస్తవుల విషయంలోనైతే సాక్షికి రాసిన ఆస్తి చెల్లనే చెల్లదు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిది. మీరు జీవించి ఉన్నంతకాలం దాని నకలు మీకో, మీ ఏజెంటుకో తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. కాబట్టి అందులో ఏముందో పిల్లలకు తెలిసిపోతుందన్న బెంగ వద్దు. కదల్లేని స్థితిలో ఉంటే తగిన కారణం చూపి దరఖాస్తు చేస్తే సబ్‌రిజిస్ట్రారే ఇంటికి వస్తారు. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరిచే వీలూ ఉంది. అయితే రిజిస్టరైన వీలునామాను ఆ తర్వాత తెల్లకాగితం మీద సక్రమంగా రాసిన మరో వీలునామా రద్దు చేయగలదని గుర్తుంచుకోండి.

వీలునామాలపై కోర్టులకు ఎప్పుడు అనుమానం వస్తుంది? 1958లో సుప్రీంకోర్టు ఇచ్చిన వెంకటాచల అయ్యంగార్ తీర్పు నుంచి నేటిదాకా చూసే విషయాలు దాదాపు అవే. సంతకం వణికినట్టుందా? రాసినవారి మానసిక స్థితిపై సందేహముందా? ఆస్తి పొందినవారే దగ్గరుండి రాయించారా? సొంత బిడ్డనో, భార్యనో కారణం చెప్పకుండా వదిలేశారా? ఈ ప్రశ్నలకు ముందే జవాబులు సిద్ధం చేయచ్చు. పెద్దవయసువాళ్లు ఆ రోజే వైద్యుడి సర్టిఫికెట్ తీసుకుని జతపరచాలి. ఒకరికి తక్కువ ఇస్తుంటే ఎందుకో ఒక వాక్యంలో రాయాలి. ‘పెద్దబ్బాయికి ఇల్లు కట్టుకోవడానికి ఇంత ఇచ్చాను కాబట్టి ఈ ప్లాటు చిన్నబ్బాయికి ఇస్తున్నాను’ అన్న ఒక్క మాట అన్నదమ్ముల మధ్య పదేళ్ల వైరాన్ని ఆపగలదు.

భార్యకు ఇల్లు రాసేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ‘దాన విక్రయాది సర్వహక్కులతో’ ఇస్తున్నారా, ‘జీవితాంతం అనుభవించి, తదనంతరం పిల్లలకు’ అంటున్నారా? మొదటిదైతే ఆమె అమ్ముకోవచ్చు, తనకు నచ్చినవారికి ఇవ్వచ్చు. రెండోదైతే ఉండచ్చు, అద్దె తీసుకోవచ్చు, అమ్మే హక్కు ఉండదు. రెండూ కలగలిపి రాసిన వీలునామాల మీద కోర్టుల్లో ఎన్నో వ్యాజ్యాలు నడిచాయి. ఏదో ఒకటి తేల్చి రాయండి. నన్నడిగితే, ఏ గట్టి కారణమూ లేనప్పుడు సర్వహక్కులతోనే ఇవ్వమంటాను. భర్త పోయాక నెలకొకరింట్లో వంతులకు తిరిగే తల్లుల్ని మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. సొంత గడప, దాని మీద పూర్తి హక్కు ఉన్న తల్లికి ఆ గతి పట్టదు.

గిఫ్ట్ ఎప్పుడు ఇవ్వాలి?

‘ఎలాగూ నీకేగా’ అంటూ బతికుండగానే బిడ్డ పేరిట దాన సెటిల్‌మెంట్ రిజిస్టర్ చేయడం మనవాళ్లకు అలవాటే. వీలునామాకు, దీనికి నేలకూ నింగికీ ఉన్నంత తేడా. హిబా మినహా స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, స్టాంపు డ్యూటీ కట్టాలి, పుచ్చుకునేవారు మీ జీవితకాలంలోనే అంగీకరించాలి. ఆ తర్వాత ‘మనసు మారింది’ అంటే ఆస్తి వెనక్కి రాదు.

గిఫ్ట్ సరిపోయే సందర్భాలు లేకపోలేదు. మీరుండే ఇల్లు, మీ జీవనానికి చాలినంత ఆదాయం పోగా మిగిలిన ప్లాటును కూతురికి ఇప్పుడే ఇస్తే ఆమె ఇల్లు కట్టుకోగలదు. వారసుల మధ్య గొడవ తప్పదనిపిస్తే మీరు బతికుండగానే తేల్చేయడం మేలు. దగ్గరి బంధువులకిచ్చే గిఫ్ట్‌పై ఆదాయపు పన్ను పడదు. కాకపోతే భార్య, కోడలి పేరిట ఇచ్చిన ఆస్తిపై వచ్చే ఆదాయాన్ని ఇచ్చినవారి ఆదాయంలోనే కలిపి లెక్కిస్తారు.

ఉన్న ఒక్క ఇంటిని మాత్రం గిఫ్ట్‌గా ఇవ్వకండి. ఇచ్చి తీరాల్సి వస్తే దస్తావేజులోనే రెండు విషయాలు రాయించండి. ఒకటి, ఆ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు మీకు, మీ తర్వాత మీ జీవిత భాగస్వామికి ఉంటుందని. రెండు, పుచ్చుకున్నవారు మీ అవసరాలన్నీ చూసుకోవాలన్న షరతు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ప్రకారం అరవై ఏళ్లు నిండినవారు అలాంటి షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయమని కోరచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఆర్డీవో ట్రైబ్యునల్ ముందు దరఖాస్తు పెట్టాలి. షరతు ఉందని తేలాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా అన్వయించాలని, ట్రైబ్యునల్ ఆస్తిని తిరిగి అప్పగించమని ఆదేశించగలదని 2025 జనవరిలో చెప్పింది. చట్టం అండగా ఉంది నిజమే. కానీ డెబ్బై ఏళ్ల వయసులో కన్నబిడ్డ మీద ఫిర్యాదు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగే తండ్రి పడే బాధను ఏ ఉత్తర్వూ తీర్చలేదు. అందుకే ఆ ఒక్క ఇంటికీ వీలునామా చాలు.

విదేశాల్లో పిల్లలున్న రైతు కుటుంబాలు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం ఎన్నారైలు, ఓసీఐలు మనదేశంలో వ్యవసాయ భూమి కొనలేరు, గిఫ్ట్‌గానూ పుచ్చుకోలేరు. వారసత్వంగా మాత్రం పొందచ్చు. డాలస్‌లో ఉన్న అమ్మాయికి కృష్ణా జిల్లా పొలం చెందాలంటే దారి గిఫ్ట్ దస్తావేజు కాదు, వీలునామా.

ఉమ్మడి ఆస్తికి పంపకాలు

పిత్రార్జితం పెద్దగా ఉండి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇంకా ఒకే పట్టాలో ఉంటే ముందు కావాల్సింది విభాగ దస్తావేజు. గోదావరి జిల్లాల్లో సెంట్లలో, తెలంగాణలో గుంటల్లో ఎవరి వాటా ఎంతో, ఏ సర్వే నంబరులో ఎక్కడుందో, నాలుగు హద్దులేమిటో, బోరు ఎవరి కిందికొస్తుందో, బాట ఎటు వదిలారో రాసి అందరూ సంతకాలు చేసి రిజిస్టర్ చేయించాలి. తర్వాత పట్టాదారు పాస్‌పుస్తకంలో ఎవరి పేర్లు వారివి ఎక్కించుకోవాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ధరణి పోర్టల్ స్థానంలో వచ్చిన భూభారతి ద్వారా ఈ మార్పులు జరుగుతున్నాయి.

ఆడపిల్లల సంతకం లేకుండా చేసిన పంపకం రేపటి వ్యాజ్యానికి పునాది. ‘పెళ్లి ఘనంగా చేశాం కదా’ అన్నది చట్టం ముందు నిలవదు, మనసు ముందూ నిలవకూడదు. చెల్లెలు నిజంగానే వద్దనుకుంటే హక్కు విడుదల దస్తావేజు రాసిస్తుంది. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి.

బిడ్డకు జీవితాంతం తోడు కావాలంటే ట్రస్టు

ట్రస్టు అనగానే కంపెనీల యజమానులు గుర్తొస్తారు. దాని అవసరం ఎక్కువగా ఉన్నది మేధోపరమైన వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు. ‘మా తర్వాత వీడినెవరు చూస్తారు?’ అన్నది వాళ్లను అనుక్షణం వెంటాడే ప్రశ్న. బిడ్డ పేరున ఆస్తి రాస్తే దాన్ని నిర్వహించుకోలేడు. అన్న పేరున రాస్తే, అన్న మంచివాడే అయినా అతడికేమైనా అయితే? ట్రస్టులో ఆస్తిని నిర్వహించే బాధ్యత ట్రస్టీలది, ఫలితం బిడ్డది. అద్దెలో ఎంత వైద్యానికి, ఎంత సంరక్షకుడి జీతానికి వాడాలో రాసిపెట్టచ్చు. ఒక ట్రస్టీ తప్పుకుంటే తర్వాతెవరో కూడా ముందే చెప్పచ్చు. ఇప్పుడే ట్రస్టు పెట్టి స్టాంపు డ్యూటీ కట్టడం భారమైతే, మీ తదనంతరం వీలునామా ద్వారా ట్రస్టు ఏర్పడేలా రాయచ్చు.

దీంతోపాటు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టాన్ని వాడుకోండి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రులు కూడా చట్టప్రకారం సంరక్షకులుగా ఉండరు. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేస్తే చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమిస్తుంది. ప్రభుత్వోద్యోగులైతే సంపాదించలేని బిడ్డ వివరాలను ఫ్యామిలీ పెన్షన్ రికార్డుల్లో ఇప్పుడే నమోదు చేయించండి.

మిగతా కుటుంబాల్లో చాలామందికి ట్రస్టు అవసరం రాదు. అమెరికాలోని పిల్లలు ‘లివింగ్ ట్రస్టు పెట్టండి నాన్నా’ అంటారు. అక్కడ వీలునామాను కోర్టు ధ్రువీకరించే ప్రొబేట్ తతంగాన్ని తప్పించుకోవడానికి దాన్ని వాడతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. మనకు లేని జబ్బుకు మందెందుకు?

నామినీ అంటే సొంతదారు కాదు

‘అన్నింటికీ నామినీ పెట్టాం, ఇంకేం కావాలి?’ అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. బ్యాంకు డబ్బు ముందుగా అందుకునేది నామినీయే. కానీ ఆ డబ్బు వారసుల తరఫున అందుకున్నట్టు. జీవిత బీమా విషయంలో 1983లో, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లల్లో ఎవరినైనా నామినీగా పెడితే వారే హక్కుదారులవుతారు. కాబట్టి నామినీ పేరు, వీలునామాలోని పేరు ఒకటే ఉండేలా చూసుకోవడం ఉత్తమం.

2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీలను వాటాలతో సహా పెట్టుకోవచ్చు. పెళ్లికి ముందు ఈపీఎఫ్‌లో రాసిన నామినేషన్ పెళ్లవగానే చెల్లకుండా పోతుంది. ఇది తెలియక పాత కాగితంతోనే ఉద్యోగం వెళ్లదీస్తున్న యువకులు ఈ వారమే ఆన్‌లైన్‌లో మార్చుకోవాలి. అసలు ఖాతా ఉందనే ఎవరికీ తెలియకపోతే? పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వుబ్యాంకు నిధికి వెళ్లిపోతాయి. వాటిని వెతకడానికే 2023లో ‘ఉద్గమ్’ పోర్టల్ వచ్చింది. తిరిగి పొందచ్చు గానీ, ముందే ఒక జాబితా రాసిస్తే ఆ వెతుకులాట ఎందుకు?

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కూడా అంతే. బిడ్డ పేరిట జీపీఏ ఇచ్చారంటే మీరు ఉన్నంతవరకే. మీతోపాటే అదీ పోతుంది.

మీ ఇల్లు ఇందులో ఏది?

* చిన్నపిల్లలున్న దంపతులు: ఇద్దరూ చెరో వీలునామా రాయాలి. ఇద్దరూ లేకపోతే పిల్లల సంరక్షకుడెవరో అందులో పేరు పెట్టాలి. గృహరుణానికి సరిపడా టర్మ్ బీమా తీసుకోవాలి. విదేశాల్లో ఉంటే సంరక్షకుడి పేరు మరీ ముఖ్యం. అక్కడి కోర్టులు మీరు రాసినదాన్నే ముందు చూస్తాయి.

* పిల్లల్లేని దంపతులు: ఎవరు ముందు పోతారన్నదాన్ని బట్టి ఆస్తంతా ఒకవైపు బంధువులకే వెళ్లిపోవచ్చు. మీ ఇద్దరి వైపు పెద్దలకూ ఆసరా ఉండేలా చెరో వీలునామా తప్పదు.

* ఒంటరి మహిళలు, వితంతువులు: వీలునామా తక్షణ అవసరం. మిమ్మల్ని చూసుకున్న మేనకోడలికో, స్నేహితురాలికో ఇవ్వాలంటే చట్టం తనంతట తాను ఇవ్వదు.

* రెండో పెళ్లి, రెండు సంసారాల పిల్లలు: రిజిస్టర్డ్ వీలునామా. ఎవరికి ఏదో పేర్లతో, సర్వే నంబర్లతో సహా రాయాలి. వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా బయటి వ్యక్తిని పెట్టాలి.

* ఉమ్మడి పొలం ఉన్న రైతులు: ముందు పంపకాలు, తర్వాత ఎవరి వాటాకు వారు వీలునామా.

* ప్రత్యేక అవసరాలున్న బిడ్డ: ట్రస్టు లేదా వీలునామాతో ఏర్పడే ట్రస్టు, చట్టబద్ధ సంరక్షకుడు.

* రెండు దేశాల్లో ఆస్తులున్నవారు: ఒక్కో దేశానికీ ఒక్కో వీలునామా. కొత్తదాంట్లో ‘గతంలో రాసినవన్నీ రద్దు’ అన్న వాక్యం రెండోదేశపు వీలునామాను కొట్టేయకుండా చూసుకోవాలి. అమెరికా పౌరసత్వం తీసుకోకుండా తిరిగొచ్చేసి అక్కడి షేర్లు అలాగే ఉంచుకున్నవారికి అక్కడి ఎస్టేట్ పన్ను మినహాయింపు 60 వేల డాలర్ల వరకే. మనదేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది.

పక్కింటాయన కళ్లజోడు మనకు సరిపోనట్టే ఆయన వీలునామా నమూనా కూడా మనకు సరిపోదు. నెట్‌లో దొరికిన ఫారం నింపేసి ఊరుకోకండి. డాక్యుమెంటు రైటరుకు షెడ్యూలు, హద్దులు రాయడం బాగా తెలుసు. వారసత్వ చిక్కులున్నచోట మాత్రం సివిల్ న్యాయవాదికి ఓ గంట ఫీజు ఇచ్చి చూపించడం దండగ కాదు.

ఇంట్లో చెప్పండి

చావు మాట ఎత్తితే అశుభం అంటారు పెద్దలు. ఆస్తి మాట ఎత్తితే ఆశపడ్డారనుకుంటారేమోనని పిల్లలు నోరు విప్పరు. ఇద్దరూ మౌనంగా ఉన్న ఇళ్లలో ఆ మాట పెద్దకర్మ రోజున బంధువుల నోట వస్తుంది. అప్పటికి చెప్పగలిగిన మనిషి ఉండరు. కాబట్టి మాట కలపాల్సింది పెద్దలే. అన్ని లెక్కలూ విప్పక్కర్లేదు. ‘వీలునామా రాశాను, ఫలానా చోట ఉంది, ఎగ్జిక్యూటర్ ఫలానా’ అంటే చాలు. చేబదుళ్లు, చీటీలు, ప్రామిసరీ నోట్లు కూడా జాబితాలో చేర్చండి. నోటుకు మూడేళ్లే గడువు. మీరిచ్చిన అప్పు సంగతి ఇంట్లోవాళ్లకు తెలిసేలోపే అది కాలదోషం పట్టిపోవచ్చు.

సమానంగా పంచడమే న్యాయమని అన్నివేళలా చెప్పలేం. ఊళ్లో ఉండి మందులు, ఆసుపత్రులు చూసుకున్న బిడ్డకు ఓ చెయ్యి ఎక్కువ ఇవ్వడం న్యాయమే. చదువుకు, పెళ్లికి ముందే అందుకున్న బిడ్డకు కాస్త తగ్గించడమూ న్యాయమే. ఆ లెక్క మీకు తప్ప చట్టానికి తెలియదు. ఎవరికెంత ఇవ్వాలో మీ మనసుకు తెలిసిన ఒక్క కారణం చాలు, మీరు రాయాలనడానికి.

పెళ్లి, బిడ్డ పుట్టడం, కొత్త ఆస్తి కొనడం, కుటుంబంలో ఎవరైనా దూరం కావడం... ఇలాంటి ఏ మార్పు వచ్చినా రాసినదాన్ని తిరగేయండి. ఈ ఆదివారం జాబితాతో మొదలుపెట్టండి. వచ్చే ఆదివారానికి ఎవరికేదో ఓ నిర్ణయానికి రండి. ఆపై వారంలో ఇద్దరు సాక్షుల్ని పిలిచి సంతకం పెట్టేయండి. గిఫ్ట్, పంపకాలు, ట్రస్టు ఎవరికి అవసరమో వారు తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. వీలునామాను మాత్రం వాయిదా వేయకండి.